మొదటి రైఫిల్ నిజం చెప్పాలి

అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచినప్పుడు, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం అందుకున్నప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నది గాలి ఒత్తిడితో పనిచేసే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చింది మాత్రం మందుగుండుతో పేలే పాయింట్ టూ టూ రైఫిల్‌తో, 50 మీటర్ల గురి మీద. ఈ పతకాలు చూసి షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టే పిల్లలు మన ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టాలనుకునే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లు దుకాణానికి వెళ్లగానే సాధారణంగా అడిగేవి మూడు ప్రశ్నలు: ఎంత దూరం పోతుంది, ఎంత బలంగా తగులుతుంది, ఏ కంపెనీది. గురి చూసి కాల్చే ఆటకు ఈ మూడూ పెద్దగా పనికిరావు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. గుండు పక్కకు పోయినప్పుడు ఆ తప్పు కాల్చినవాడిదా, రైఫిల్‌దా, గాలిదా అన్నది ఈ రైఫిల్‌తో తేలుతుందా? తేలకపోతే వేల గుండ్లు కాల్చినా నేర్చుకునేది తక్కువ. తేలితే ప్రతి గుండూ ఒక పాఠం. మొదటి రైఫిల్ ఎంపికలో మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క ప్రశ్న తర్వాతే రావాలని నా వాదన.

ఈ ఆటలో తప్పు ఎంత చిన్నదో ముందు తెలియాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాగితం మీది గురి మొత్తం 45.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో పది మార్కులిచ్చే నడిమి చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది. అంటే పెల్లెట్ నడిబొడ్డు చుక్క మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లకు మించి తప్పకూడదు. దీన్ని రైఫిల్ దగ్గరికి తెచ్చి చూద్దాం. వెనుక సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు ఒక మిల్లీమీటరులో అయిదో వంతు పక్కకు జరిగితే చాలు, పది తొమ్మిదవుతుంది. ఇప్పటి పోటీల్లో మార్కులు దశాంశాల్లో వేస్తారు, ఒక్క గుండుకు గరిష్ఠం 10.9. అరవై గుండ్లలో కొన్ని దశాంశాల తేడాతోనే ఫైనల్‌కు చేరడం, చేరకపోవడం తేలిపోతుంది. నిలబడి, ఏ ఆసరా లేకుండా, గుండె కొట్టుకుంటూ, ఊపిరి ఆడుతూ ఉన్న మనిషి ఇంత సన్నటి హద్దులో రైఫిల్‌ను నిలపాలి. మంచి మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌ను బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే కన్నంలో నుంచి పోతాయి. కొత్తవాడు అదే రైఫిల్‌ను చేత్తో పట్టి కాలిస్తే కాగితమంతా చెల్లాచెదురవుతాయి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా మొత్తం మనిషిదే. నేర్చుకోవాల్సింది ఆ తేడాను తగ్గించడమే కాబట్టి, ఆ తేడాను కల్తీ లేకుండా చూపించే పరికరం కావాలి.

ఈ లెక్క మీద మొదట ఓడిపోయేది చవకగా దొరికే స్ప్రింగ్ ఎయిర్ గన్. బారెల్‌ను మధ్యలో విరిచినట్టు వంచి బిగించేది, మన ఊళ్లలో ఎక్కువమందికి తెలిసింది అదే. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది. ఆ ఊపుకు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ తన ముందున్న గాలిని నొక్కి ఆగేసరికి మళ్లీ ముందుకు కుదుపుతుంది. ఇదంతా పెల్లెట్ బారెల్ దాటకముందే జరుగుతుంది. అందుకే స్ప్రింగ్ గన్‌ను చేత్తో పట్టే తీరు కాస్త మారినా గుండు పడే చోటు మారిపోతుంది. నిదానంగా నొక్కినా, గబుక్కున లాగినా, భుజానికి గట్టిగా ఆనించినా, వదులుగా పెట్టినా ఒక్కోసారి ఒక్కో చోట తగులుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని అదుపులో పెట్టగలరు. కొత్తవాడికి మాత్రం తన వేలు తప్పు చేసిందో, పిస్టన్ కుదిపిందో తెలిసే దారి లేదు. జర్మనీలోని ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1960లలోనే ఈ కుదుపును తప్పించడానికి, పేలే క్షణంలో యంత్రభాగం పట్టాల మీద వెనక్కి జారే స్ప్రింగ్ రైఫిళ్లు చేసింది. పోటీ స్థాయి తయారీదారులు తర్వాత స్ప్రింగును పూర్తిగా వదిలేశారు. ఇప్పటి మ్యాచ్ రైఫిళ్లలో ముందే నింపిన గాలి సిలిండర్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక చిన్న కవాటం తెరుచుకుని కొలిచినంత గాలి పెల్లెట్‌ను తోస్తుంది. రైఫిల్ దాదాపు కదలదు. చవక స్ప్రింగ్ గన్ కొని తర్వాత చూద్దామనుకునే తల్లిదండ్రుల జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ దానితో పిల్లలకు అంటుకునే అలవాట్లు, ముఖ్యంగా పేలుతుందని ముందే బిగుసుకుపోయే అలవాటు, వదిలించడం ఆ ఆదా అయిన డబ్బు కన్నా ఖరీదైన పని.

పాయింట్ టూ టూ వైపు మొగ్గేవాళ్లది వేరే వాదన. ఎన్‌సీసీ క్యాంపుల్లో మన కాలేజీ పిల్లలు తరతరాలుగా కాల్చింది పాయింట్ టూ టూయే కదా, మొదటిరోజే పడుకోబెట్టి చేతికిచ్చారు కదా, గాలి తుపాకీ ఆటబొమ్మలాంటిది కదా అంటారు. ఎన్‌సీసీ కాల్పుల ఉద్దేశం వేరు. ఆయుధం అంటే భయం పోగొట్టి, క్రమశిక్షణతో వాడటం అలవాటు చేయడం అక్కడి పని. నేల మీద పడుకుని, ఆసరాతో, కొద్ది గుండ్లు కాల్చడానికి పాయింట్ టూ టూ చక్కగా సరిపోతుంది. లక్ష్యం మీద ఏళ్ల తరబడి పనిచేయబోయే మనిషికి అదే సరిపోతుందనడానికి అది రుజువు కాదు. 50 మీటర్ల గురిలో పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. తూటా మందం కలుపుకున్నా నడిమి నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపు తగలాలి. దూరాన్ని బట్టి కోణంగా లెక్కిస్తే, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పదికి దొరికే సందులో ఇది మూడింట రెండు వంతులే. అంటే పాయింట్ టూ టూ పది ఇంకా కష్టం. దాని మీద గాలి. మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ధ్వని వేగం దాటితే తూటా ప్రయాణంలో నిలకడ చెడుతుందని కావాలనే ఆ లోపు ఉంచుతారు. అలాంటి తూటాను గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలో రెండు సెంటీమీటర్లకు పైగా పక్కకు తోసేస్తుంది. అంటే రెండు మూడు వలయాలు. రేంజ్‌లో జెండా ఊగే తీరు చదవడం ఇంకా రాని పిల్ల, తాను సరిగ్గా కాల్చిన గుండు ఏడులో పడితే ఏం నేర్చుకోవాలి? తప్పుగా కాల్చినది గాలి తోసి పదిలో పడితే ఇంకా ప్రమాదం, తప్పును మెచ్చుకున్నట్టవుతుంది.

10 మీటర్ల రేంజ్ సాధారణంగా నాలుగు గోడల మధ్య ఉంటుంది. గాలి లేదు, మోత లేదు, భుజం మీద దెబ్బ లేదు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతో వెళ్తుంది, శక్తి ఏడెనిమిది జౌళ్లు. పాయింట్ టూ టూ తూటాది దానికి పదిహేను రెట్లకు పైమాటే. బలం తక్కువ కావడం ఇక్కడ లోపం కాదు, గొప్ప సదుపాయం. పెల్లెట్ నిదానంగా బారెల్ దాటుతుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కిన తర్వాత కూడా కదలకుండా నిలవాల్సి వస్తుంది. నిలవకపోతే వెంటనే కాగితం మీద కనిపిస్తుంది. తూటా వెళ్లేదాకా ఆగడం అనే అలవాటు ఎయిర్ రైఫిల్ నేర్పినంత గట్టిగా మరేదీ నేర్పదు. పెద్ద రైఫిల్‌కు మారినప్పుడు ఆ అలవాటు తోడుగా వస్తుంది. ఆటబొమ్మ అనే మాటకు చరిత్రే జవాబు. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ పోటీ. వినికిడి లోపం ఉన్న హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది, 2023లో సూల్‌లో జూనియర్ ప్రపంచకప్‌లో వినికిడి ఉన్న పోటీదారులతో తలపడి బంగారం గెలిచింది ఈ 10 మీటర్ల రైఫిల్‌తోనే. తుపాకులకు కొదవలేని అమెరికాలో సైతం, మన ఎన్‌సీసీ లాంటి హైస్కూళ్ల జేఆర్‌ఓటీసీ దళాల పిల్లలు ఎయిర్ రైఫిల్‌తోనే మూడు భంగిమల పోటీలు ఆడతారు. అక్కడ స్థిరపడిన మన కుటుంబాలు పిల్లల్ని చేర్చేముందు ఇది గమనించాలి.

ఎయిర్ రైఫిల్ అని తేలాక అసలు ఎంపిక మొదలవుతుంది. నా దృష్టిలో అందులో ముప్పాతిక వంతు ఒంటికి నప్పడం గురించే. నిలబడి కాల్చేవాడు రైఫిల్ బరువును కండరాలతో మోయకూడదు. ఎడమ మోచేయి నడుము ఎముక మీద ఆనాలి, బరువు ఎముకల మీదుగా కాళ్లలోకి దిగాలి. కండరం అలుస్తుంది, వణుకుతుంది. ఎముక అలవదు. అయితే పొడవాటి చేతులు, పొట్టి నడుము ఉన్నవాడికి ముందు చెయ్యి ఆనే భాగం ఒక ఎత్తులో ఉండాలి, పొట్టి చేతులవాడికి ఇంకో ఎత్తులో ఉండాలి. వెనుక బట్ భుజానికీ ట్రిగ్గర్ వేలికీ మధ్య పొడవు కుదరాలి. పొడవెక్కువైతే పిల్లవాడు వెనక్కి వాలి నడుము వంకర చేస్తాడు, అది కొన్నేళ్లలో వెన్నుకు చేటు. చెంప ఆనే చీక్ పీస్ ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడటానికి తేలికైన పరీక్ష ఉంది. కళ్లు మూసుకుని, తలను సుఖంగా చీక్ పీస్ మీద దింపి, కళ్లు తెరవాలి. వెనుక సైటు రంధ్రం సరిగ్గా కంటి ముందు ఉంటే నప్పినట్టు. మెడ సాచో వంచో వెతుక్కోవాల్సి వస్తే ఆ సర్దుబాటు ప్రతి గుండుకూ ఒక్కోలా ఉంటుంది, తప్పు ఎక్కడిదో తెలియదు. ఇన్ని కొలతలు మార్చుకునే వీలు ఉన్న రైఫిల్, ఆ వీలు లేని ఖరీదైన రైఫిల్ కన్నా మేలు. పిల్లలు ఎదుగుతారు కాబట్టి వాళ్లకు ఇది మరీ ముఖ్యం. బరువు ఎక్కువైతే నిలకడ ఎక్కువన్న మాట పెద్దవాళ్ల విషయంలో కొంత నిజం. నియమాల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు. పన్నెండేళ్ల పిల్ల చేతిలో ఆ బరువు పెడితే అయిదో గుండుకే కండరం పని మొదలవుతుంది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షూట్జ్ లాంటి కంపెనీలు తేలికైన జూనియర్ నమూనాలు వేరే చేసేది ఇందుకే.

కొలతల కన్నా ముందు చూడాల్సింది కన్ను. కుడిచేతివాటం ఉన్నవాళ్లలో కొందరికి ఎడమ కన్ను బలమైనది. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువు మీద వేలు పెట్టి, ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కన్నుతో వేలు వస్తువు మీదే నిలిచిందో అదే బలమైన కన్ను. ఇది చూడకుండా కుడిచేతి రైఫిల్ కొన్నవాళ్లు తర్వాత సగం కష్టం అక్కడే పడతారు. ఇక ట్రిగ్గర్. మ్యాచ్ ట్రిగ్గర్ వంద గ్రాముల ఒత్తిడికీ, అంతకన్నా తక్కువకీ విడుస్తుంది. చవక తుపాకీల్లో అది కిలో దాటుతుంది. నాలుగు కిలోల రైఫిల్‌ను ఒక వేలు కిలో బలంతో లాగితే, ఇందాక చెప్పిన అయిదో వంతు మిల్లీమీటరు హద్దు నిలుస్తుందా? టెలిస్కోప్ ఈ పోటీల్లో పనికిరాదు, ముందు వలయం, వెనుక సన్నటి రంధ్రం ఉన్న సైట్లతోనే నేర్చుకోవాలి. సిలిండర్ 200 బార్ల ఒత్తిడి దాకా నింపేది కాబట్టి దాని మీద ముద్రించిన తయారీ తేదీ, వాడుక గడువు చూడాలి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బారెల్ కన్నా ముందు చూడాల్సింది అది. మీ ఊళ్లో గాలి ఎవరు నింపుతారు, వాషర్లు పాడైతే ఎవరు మారుస్తారు అన్నది కంపెనీ పేరు కన్నా పెద్ద ప్రశ్న. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో చెక్క బట్ కన్నా అల్యూమినియంది నిశ్చింత. బారెల్‌కు తుప్పు చేరకుండా చూసుకోవడం మాత్రం ఏ రైఫిల్‌కైనా తప్పదు.

కొంటే ఒకేసారి అన్నిటికన్నా మంచిది కొనేస్తే పోలేదా, మళ్లీ మార్చే పని ఉండదు కదా అని అడిగే స్తోమత గల తల్లిదండ్రులు ఉన్నారు. ఇందులో కొంత నిజం ఉంది. మంచి మ్యాచ్ రైఫిల్ ఇరవై ఏళ్లయినా పనిచేస్తుంది, అమ్మితే ధర పలుకుతుంది. అయినా మొదటి రోజే కొనడం తప్పని నేను అనుకుంటాను. ఏ కొలతలు నప్పుతాయో తెలియాలంటే నిలబడే తీరు కొంత కుదురుకోవాలి, అది కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది. అప్పటిదాకా క్లబ్ రైఫిల్‌తో కాల్చడమే మేలు. మూడు నాలుగు రకాలు చేతిలో పట్టినవాడు తనకేం కావాలో కోచ్‌కు చెప్పగలడు, పట్టనివాడు అమ్మేవాడు చెప్పింది వింటాడు. డబ్బు పంపకం విషయంలోనూ నా లెక్క వేరు. షూటింగ్ జాకెట్, పట్టుగా ఉండే బూట్లు, మంచి పెల్లెట్లు తర్వాత చూద్దామని వదిలేసి రైఫిల్ మీదే అంతా పెట్టడం తరచూ జరుగుతుంది. రోజుకు వంద గుండ్లు కాలిస్తే 500 పెల్లెట్ల డబ్బా అయిదు రోజులే. ఏడాదంతా ఆ ఖర్చు మోయగలిగేంత మిగుల్చుకుని రైఫిల్ ధర నిర్ణయించాలి. ఒక మెట్టు తక్కువ రైఫిల్, రోజూ నిండా సాధన ఉన్న పిల్ల, ఖరీదైన రైఫిల్‌తో వారానికి ఒకసారి కాల్చేవాడిని దాటిపోతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల మాట, పూర్వం పాత తుపాకులతోనే చాంపియన్లు కాలేదా అనే అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువైనది. ఈ ఆట ఖరీదైనదన్నది దాచలేని నిజం. దిగుమతి రైఫిల్ లక్ష రూపాయలు దాటుతుంది. కానీ పాత తుపాకులతో గెలిచినవాళ్ల కథలు మనకు చేరాయి గానీ, వాటితో విసిగి ఆట మానేసినవాళ్ల కథలు చేరలేదు. డబ్బు లేని పిల్లకు చెడ్డ రైఫిల్ అంటగట్టడం ఆమెకు మేలు చేయదు, ఆమె తప్పులను ఆమెకు కనబడకుండా చేస్తుంది. మంచి రైఫిల్ పదిమంది పంచుకోవడమే దారి. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా గొడుగు కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద క్లబ్బులు ఉన్నాయి. గగన్ నారంగ్ గన్ ఫర్ గ్లోరీ అకాడమీ పెట్టింది ఇలా పిల్లలకు శిక్షణ ఇవ్వడానికే. స్కూళ్లు బస్సులు కొన్నట్టే నాలుగు రైఫిళ్లు కొని పెట్టగలిగితే, జిల్లాల్లోని పిల్లలు హైదరాబాదు చేరకముందే సగం పాఠం నేర్చుకుంటారు. నేను ఆశతో కాదు, గట్టిగా కోరి ఈ మాట రాస్తున్నాను.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ ఆ హద్దుకు చాలా దిగువన ఉంటుంది. పాయింట్ టూ టూకు 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు, శిక్షణలో పర్యవేక్షణ కింద వాడటానికి మాత్రం చట్టంలో వీలుంది. లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు. పెల్లెట్ కన్ను తీసేస్తుంది, గట్టి గోడకు తగిలి వెనక్కి ఎగురుతుంది. ఇంట్లో సాధన చేస్తే పెల్లెట్ పట్టే పెట్టె, దాని వెనుక ఎవరూ రాని గోడ ఉండాలి. పెల్లెట్ సీసం కాబట్టి కాల్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. రైఫిల్ ఖాళీగా ఉందని చూపే రంగు తాడు బారెల్‌లో ఉంచడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

ఎయిర్ రైఫిల్‌తో మార్కులు ఒక స్థాయిలో నిలకడగా వస్తూ, తాను విడిచిన గుండు ఎక్కడ పడిందో కాగితం చూడకముందే చెప్పగలిగే దశ వచ్చాక పాయింట్ టూ టూ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు గాలి చేసే మోసం కూడా పాఠమవుతుంది, ఎందుకంటే తన తప్పు తనకు ముందే తెలుసు. ఒక్కో తూటా చేత్తో పెట్టే బోల్ట్ రైఫిల్, కదిలించుకునే బట్, రంధ్రపు సైట్లు ఉంటే మొదటి దానికి చాలు. ఆన్‌షూట్జ్ 64 కుటుంబం ఈ మెట్టుకే తయారయింది, పెద్ద పోటీల వాళ్లు వాడే 54 కుటుంబం తర్వాత చూసుకోవచ్చు. 1887లో అమెరికాలో పుట్టిన ఈ తూటాలో పేలే మందు అంచులో చుట్టూ పరిచి ఉంటుంది. ఆ పరుపు ఒక్కో విడత తయారీలో కాస్త తేడాగా ఉండటం వల్ల ఒకే పేరున్న డబ్బాలు కూడా ఒకే బారెల్‌లో వేర్వేరుగా కాలుతాయి. ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి తయారీదారులు డబ్బా మీద విడత సంఖ్య వేసేది అందుకే. నాలుగైదు రకాలు తలా ఒక డబ్బా తెచ్చి, రైఫిల్‌ను ఆసరా మీద పెట్టి, గాలి లేని పొద్దున పది పది గుండ్ల చొప్పున కాల్చి చూడాలి. ఏ విడత చిన్న గుంపుగా పడిందో దాన్నే, అదే సంఖ్య ఉన్న డబ్బాలు లైసెన్సు అనుమతించినంత మేర ఒకేసారి కొనాలి.